జేబులో ఘంటసాల

పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడిచేవాళ్లని చూస్తే చాలు, పాటల విషయంలో మా తార్నాక రెండు పార్టీలుగా చీలిపోయిందని తెలిసిపోతుంది. మొదటి పార్టీవాళ్ల పాట చొక్కా జేబులోంచి వస్తుంది. దారి పొడవునా ఉచిత ప్రసారం. రెండో పార్టీ చెవుల్లో తెల్ల బిరడాలు బిగించుకుని, ఎవరికీ వినపడని పాటకి తల ఊపుతూ పరిగెడుతుంది. మొదటి పార్టీ మ్యానిఫెస్టో ఒకే ఒక్క వాక్యం: “ఇప్పుడొచ్చేవీ పాటలేనా?” రెండో పార్టీకి మ్యానిఫెస్టో లేదు. ఆ ప్రశ్న వాళ్లకి ఇంకా వినపడలేదు.

నేను ఎనభైల్లో పుట్టాను. అంచేత రెండు పార్టీలూ నన్ను అవతలివాళ్ల గూఢచారిగానే చూస్తాయి.

మొదటి పార్టీకి అధ్యక్షుడు బ్యాంకులో మేనేజరుగా రిటైరైన ఒక పెద్దాయన. ఆయన జేబులో ఘంటసాల కాపురముంటాడు. ఒక్కోరోజు పాటలు మానేసి భగవద్గీత పెడతారు. ఆ రోజు ఎదురొచ్చినవాళ్లంతా నడక ఆపి, గొంతు తగ్గించి “ఎవరండీ పాపం?” అంటారు. ల్యాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర నన్ను పట్టుకుని ఆయన వేసే ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

“1957లో మాయాబజార్ వచ్చిందయ్యా. అలాంటిదొకటి ఇప్పుడు చూపించు.”

“ఆ ఏడాది ఇంకేం వచ్చాయండీ?”

“సువర్ణసుందరి. తోడికోడళ్లు.”

“ఇంకా?”

ఆయన జేబులో వాల్యూం సరిచేసుకున్నారు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఆ ఏడాది వచ్చిన మిగతా సినిమాల్లోనూ హీరోయిన్లు తోటల్లో పాడారు, హీరోలు చెట్లు పట్టుకుని పాడారు. ఆ పాటల్లో చాలావాటిని వాళ్ల నిర్మాతలు కూడా మరిచిపోయి ఉంటారు. కాలం దాదాపు డెబ్భై ఏళ్లు జల్లెడ పట్టి మిగిల్చిన బియ్యాన్ని ఒక పళ్లెంలో, ఇవాళ పొద్దున మిల్లులోంచి ఊకతో సహా దిగిన బస్తాని ఇంకో పళ్లెంలో పెట్టి తూస్తున్నాం. ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి సంగీత జ్ఞానం అక్కర్లేదు.

పైగా ఈ పార్టీకి సాక్ష్యాలు మాయం చేసే అలవాటొకటి ఉంది. శంకరాభరణం (1980) పేరెత్తితే అధ్యక్షులవారు రెండు చేతులూ జోడిస్తారు. దానికి మూడేళ్ల ముందు వచ్చిన అడవి రాముడు పేరెత్తితే చేతి గడియారం చూసుకుంటారు. ఎన్టీఆర్, జయప్రద చీర ఆరేసే నెపంతో తెలుగునాడంతా చిందులేయించిన ఆ పాట రాసింది వేటూరే, బాణీ కట్టింది కె.వి. మహదేవనే, పాడింది బాలుగారే. ఆ ముగ్గురే శంకరశాస్త్రి చేత జనం కళ్లనీళ్లు పెట్టించారు. “అందుకేనయ్యా వాళ్లు గొప్పవాళ్లు, రెండూ చేశారు” అంటారాయన. నిజమే. మరి ఇప్పటివాళ్లకి రెండో ఛాన్సు ఎందుకివ్వరు? నాటు నాటుకి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చినప్పుడు ఆయన ఒకే మాట అన్నారు: “ఇచ్చినవాళ్లకి తెలుగు రాదుగా!”

“కీరవాణి గారే అన్నమయ్యకి కూడా చేశారు కదండీ?” అన్నాను.

“ఆ కీరవాణి వేరులే.”

కాపీ సంగతి కూడా అంతే. ఇప్పటివాళ్లంతా బాణీలు ఎత్తుకొస్తారని ఫిర్యాదు. 1973లో ఆర్.డి. బర్మన్ యాదోం కీ బారాత్‌కి కట్టిన బాణీ, 1975లో చక్రవర్తి చేతిలో అన్నదమ్ముల అనుబంధంలోకి శుభ్రంగా నడిచొచ్చింది. దాన్ని రీమేక్ అన్నారు. దొంగతనానికి యాభై ఏళ్లు నిండితే అది జ్ఞాపకమైపోతుంది కాబోలు.

“సాహిత్యం చచ్చిపోయింది” అని క్యాంపస్ మధ్యలో నిలబడి అంటుంటే మాత్రం నాకు నవ్వొస్తుంది. ఈ విశ్వవిద్యాలయంలోనే తెలుగు పాఠం చెప్పిన సి. నారాయణరెడ్డి గారు 1962లో గులేబకావళి కథకి పాటలన్నీ రాశారు. క్లాసులో ఛందస్సు చెప్పి సాయంత్రం సినిమాకి ప్రేమపాట రాసే ప్రొఫెసర్ని చూసి ఆనాటి పెద్దలు మూతి విరవకుండా ఉంటారా? ఆ తర్వాత ఆయనకి 1988 జ్ఞానపీఠం వచ్చింది. విరిచిన మూతులు సర్దుకున్నాయి.

ఇక రెండో పార్టీ. హాస్టల్లో ఉండి గ్రూప్ వన్‌కి చదువుతున్న కుర్రాడొకడు తార్నాక చౌరస్తాలో నాకు ఇరానీ చాయ్ తోడు. “మీ పాటలు మంచిగుంటయ్ సార్, గని నిద్రొస్తది” అంటాడు. “మీ పాటలు” అంటే ఘంటసాలవి అనుకుని సహించాను. తీరా వాడి ఫోన్లో చూస్తే, ‘ఓల్డ్ మెలోడీస్’ అన్న జాబితాలో నువ్వే కావాలి ఉంది! 2000లో వచ్చిన సినిమా. నాకు నిన్నమొన్నటిది. “మా నాయిన వింటడు సార్” అన్నాడు. ఆ పూట చాయ్ డబ్బులు వాడిచేతే ఇప్పించాను.

పదిహేనుకీ పాతికకీ మధ్య విన్న పాటలే మనిషిని చివరిదాకా అంటిపెట్టుకుంటాయని మనసు గురించి చదివినవాళ్లు చెబుతారు. ఆ లెక్కన స్వర్ణయుగం ప్రతి ఇంట్లోనూ వేరు. మేనేజరుగారింట్లో అది నలుపు తెలుపు, మా ఇంట్లో క్యాసెట్టు, వాడి హాస్టల్ గదిలో బ్లూటూత్.

అసలు తమాషా చెప్పలేదు. “కొత్తది సార్, ఇనుండ్రి” అని వాడు గర్వంగా వినిపించేవి చాలావరకు జానపదాలు. 2021లో లవ్ స్టోరీ సినిమాలో మంగ్లీ పాడి ఊపేసిన సారంగదరియా మూలం పల్లె ఆడవాళ్ల నోళ్లలో ఎప్పట్నుంచో నానుతున్నదే. పొలంలో నాట్లేస్తూ పాడిన పాటలకి డీజే దరువు తగిలించి వింటున్నారు వీళ్లు. తెలంగాణ ఉద్యమంలో ఈ ఆర్ట్స్ కాలేజీ ముందు మోగినవీ ఆ బాణీలే. అంటే, పాత పాటల పార్టీ జేబులో డెబ్భై ఏళ్ల పాట, కొత్త పాటల పార్టీ చెవిలో దానికి తాతలాంటి పాట. ఈ సంగతి ఇద్దరికీ చెప్పి చూశాను. ఇద్దరికీ నచ్చలేదు.

తీర్పు చెప్పమంటే చెప్పేస్తాను. బాణీల్లో ఈ కాలం తీసిపోలేదు. గొంతుల్లో అసలే తీసిపోలేదు. ఓడిపోయింది ఒక్కచోటే, మాట వినపడటంలో. ఆ రోజుల్లో గాయకుడూ వాద్యాలవాళ్లూ ఒకే హాల్లో, ఒకేసారి రికార్డింగ్. చివరి చరణంలో తబలా తప్పితే అందరూ మళ్లీ పల్లవి నుంచి మొదలు. వాద్యం గొంతుని మింగేస్తే తర్వాత సర్దే వీల్లేదు కాబట్టి మైకు దగ్గరే జాగ్రత్తపడేవారు. ఇప్పుడు ఒక్కో శబ్దం విడివిడిగా చేరుతుంది. దేన్నైనా ఎంతైనా పెంచుకోవచ్చు, కాబట్టి అన్నీ పెంచుతారు. తార్నాక నుంచి హబ్సిగూడ వెళ్లే షేర్ ఆటోలో వెనక సీట్లో కూర్చోండి. స్పీకర్ సరిగ్గా వీపు వెనక ఉంటుంది. పాట వెన్నుపూసకి వినపడుతుంది. దిగేసరికి దరువు ఒంట్లో ఉంటుంది, సాహిత్యం ఆటోలోనే ఉండిపోతుంది.

కాబట్టి పాటలకి మిక్సింగ్ చేసే అబ్బాయిలకీ అమ్మాయిలకీ జేబు పార్టీ తరఫున నాదొక విన్నపం. దరువు ఒక్క గీత తగ్గించండి, గొంతు ఒక్క గీత పెంచండి. వినపడితే మెచ్చుకుంటామని మాటివ్వలేను. ఏ మాటని తిడుతున్నామో తెలిసి తిడతాం.