"తేడా మేమే కట్టుకుంటాం" – సటీకం

మూలం: మాకు రాసిన రూమ్ వద్దు, సింగిల్ రూమ్ ఇవ్వండి, తేడా మేమే కట్టుకుంటాం.

అవతారిక: సుచిత్ర దాటాక పేట్ బషీరాబాద్, కొంపల్లి మీదుగా పోయే నాగపూర్ హైవే పొడవునా ఆసుపత్రి కౌంటర్ల దగ్గర వినవచ్చే వాక్యమిది. వక్త రోగి కాడు, రోగి అప్పటికే స్ట్రెచర్ మీద ఉంటాడు. వక్త కొడుకో అల్లుడో. శ్రోత ఇన్సూరెన్స్ డెస్కు ఉద్యోగి. చేతి డబ్బుతో వచ్చినవాడు ముందు జనరల్ వార్డు ధర అడుగుతాడు గనుక, ఈ వాక్యం పాలసీదారులకే చెల్లును.

ప్రతిపదార్థం: మాకు రాసిన రూమ్ = పాలసీ ఒప్పుకున్న అద్దెలో వచ్చే గది. చాలా పాలసీలలో రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 5 లక్షలకు 5,000 రూపాయలు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీ 2 శాతం అంది గానీ 5,000 దాటనివ్వలేదు. వద్దు = పక్క మంచం వారి దగ్గు, వారి టీవీ, ఉమ్మడి బాత్రూమ్ వద్దు. సింగిల్ రూమ్ = రోగికి మంచం, తోడున్నవారికి సోఫా. సోఫాయే ప్రధానార్థం, ప్లాస్టిక్ కుర్చీలో ఒక రాత్రి గడిపినవారికి వేరే వ్యాఖ్య అక్కర్లేదు. మేడ్చల్, తూప్రాన్ నుంచి కొబ్బరి బోండాలతో వచ్చే చుట్టాలు కూర్చోవడానికని కొందరు, వారి కళ్లబడడానికని మరికొందరు. రెండూ గ్రాహ్యమే. మేమే = ఇందులోని ఏవకారం అభిమానార్థకం. ఇన్నేళ్లు ప్రీమియం కట్టి ఒక్క క్లెయిమూ చేయలేదన్నది ధ్వని.

తేడా = శ్లేష. వక్త భావించినది అద్దెల తేడా. గది 8,000 అయితే రోజుకు 3,000, నాలుగు రోజులకు 12,000. బిల్లింగువారి పాఠం వేరు. అర్హత ఎనిమిదింట అయిదు వంతులే గనుక, సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ ఖర్చులలోనూ అయిదు వంతులే చెల్లుతాయి. అవి 1,60,000 అయితే 60,000 కోత. దీన్ని వారు ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. రెండూ కలిపి 72,000. పైగా 2022 జూలై 18 నుంచి ఐసీయూ కాని గది అద్దె 5,000 దాటితే 5 శాతం జీఎస్టీ.

తాత్పర్యం: అడిగింది సోఫా, కొన్నది ఆపరేషన్‌లో వాటా.

విశేషాలు: 2020లో బీమా నియంత్రణ సంస్థ ఈ కోతకు హద్దులు గీసింది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలు దీనికి లోబడవు. గదిని బట్టి రేటు మార్చని ఆసుపత్రిలోనూ కోత కూడదు. "షేరింగ్ ఖాళీ లేదన్నారు" అన్న పాఠాంతరం కరుణరసప్రధానమే గాని, సూత్రం సాధారణంగా కారణం అడగదు. పాలసీలో గది అద్దెకు పరిమితి లేనివారికి ఈ టీకతో పని లేదు. ఉన్నవారు సంతకానికి ముందు డెస్కులో అడగవలసింది అద్దెల తేడా కాదు, మొత్తం బిల్లులో తేడా.