యాభై కోట్ల డాలర్లు, ఆరు ఇళ్లు

ఆరు. ఆరంటే ఆరే. 2010 జనవరి 12న వచ్చిన భూకంపానికి హైతీ రాజధాని పోర్టోప్రిన్స్ కుప్పకూలింది. బాధితుల పేరు చెప్పి అమెరికన్ రెడ్‌క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు పోగేసింది. ఐదేళ్ల తర్వాత అమెరికా వార్తా సంస్థలు ఎన్‌పీఆర్, ప్రోపబ్లికా విలేకరులు వెళ్లి వెతికితే ఆ సంస్థ కట్టించిన శాశ్వత గృహాలు ఆరు తేలాయి. మన పంచాయతీ కాంట్రాక్టరు కూడా ఈ లెక్క చూస్తే నోరెళ్లబెడతాడు. పాపం, వాడికి ఇంగ్లిష్‌లో నివేదిక రాయడం రాదు. అందుకే దొరికిపోతుంటాడు.

రెడ్‌క్రాస్ ఊరుకుందా? లక్షా 30 వేల మందికి గూడు కల్పించామంది. గూడంటే ఇల్లనుకున్నారా? ఎంత అమాయకులండీ మీరు! తాత్కాలిక షెడ్లలో తలదాచుకున్నవాళ్లు, కొన్నాళ్లు అద్దె సాయం అందుకున్నవాళ్లు, చివరికి ఇల్లు ఎలా బాగుచేసుకోవాలో చెప్పే తరగతిలో కూర్చున్నవాళ్లు... అందరూ ఆ లెక్కలోనే. పాఠం విన్నావుగా నాయనా, ఇక నీకు ఇల్లున్నట్టే. వానొస్తే ఆ నోట్సు నెత్తిన పెట్టుకో.

డబ్బేమైంది? ఆస్పత్రులకిచ్చాం, నీళ్లకిచ్చాం, వేరే సంస్థలకిచ్చాం అన్నారు. ఆ వేరే సంస్థలు తమ వాటా తాము తీసుకున్నాయి. వాటి పని ఎలా సాగుతోందో చూసిపెట్టినందుకు రెడ్‌క్రాస్ తన వాటా తాను తీసుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులే వరసగా నిలబడ్డారు. దాతలకు మాత్రం డాలరులో 91 సెంట్లు హైతీకే పోతాయని చెప్పారు. 2016లో అమెరికా సెనేటర్ చక్ గ్రాస్‌లీ లెక్కలు తిరగేస్తే ఏం తేలింది? పాతిక శాతం, అంటే 12 కోట్ల డాలర్ల పైచిలుకు, సంస్థ సొంత ఖర్చుల కింద కరిగిపోయింది.

ప్రైవేటు చందాల గొడవలోకి ప్రభుత్వాన్ని ఎందుకు లాగుతావంటారా? లాగాల్సిందే. ఫోన్‌లో ‘హైతీ’ అని కొట్టి పంపితే పది డాలర్లు రెడ్‌క్రాస్‌కు చేరతాయని ఊరూవాడా చాటింది అమెరికా విదేశాంగ శాఖే. ఆ ఎస్సెమ్మెస్‌ల మీదే 3 కోట్ల డాలర్లు దాటాయి. ప్రభుత్వం పరపతి అరువిస్తుంది, సంస్థ హుండీ తిప్పుతుంది. లెక్క అడిగితే మాత్రం ఎవరి గడప వాళ్లదే.

సర్కారు తన సొంత డబ్బుతో ఏం ఊడబొడిచిందో కూడా చూద్దాం. అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ 15 వేల ఇళ్లు కట్టిస్తామంది. 2013లో అమెరికా ఆడిట్ సంస్థ జీఏఓ లెక్క తీసేనాటికి ఆ 15 వేలు 2,649 అయ్యాయి. మరి ఖర్చూ తగ్గాలి కదా? లేదు స్వామీ, 5.9 కోట్ల డాలర్ల అంచనా 9.7 కోట్లకు ఎగబాకింది. ఇళ్లు తగ్గేకొద్దీ ఖర్చు పెరిగే ఈ గణితం ఏ బళ్లో చెబుతారు?

వాషింగ్టన్‌లో చెబుతారు. హైతీ పేరిట యూఎస్ఎయిడ్ ఇచ్చిన కాంట్రాక్టుల్లో సగానికి పైగా సొమ్ము ఎక్కడికి పోయింది? వాషింగ్టన్, దాన్ని ఆనుకుని ఉన్న మేరీలాండ్, వర్జీనియాల్లోని సంస్థలకు. అందులో అగ్రతాంబూలం కెమోనిక్స్ అనే లాభార్జన కంపెనీది. హైతీ సంస్థలకు నేరుగా దక్కింది నూటికి మూడు కూడా లేదు. అంటే ఆ డబ్బు వీధి దాటడానికే బద్ధకించింది. సముద్రమేం దాటుతుంది?

ఇక హైతీ ప్రభుత్వానికి సహాయక నిధుల్లో చేరింది ఒక్క శాతం లోపు. ఎందుకయ్యా అంటే, అక్కడ అవినీతి ఎక్కువట! ఆ ప్రభుత్వం సుద్దపూసని నేనూ అనను. కానీ మంత్రి మింగితే అవినీతి, సంస్థ మింగితే ఓవర్‌హెడ్డా? సహాయ కార్యక్రమాల సమన్వయ సమావేశాలు ఐక్యరాజ్య సమితి స్థావరంలో, గేటు లోపల, ఎక్కువగా ఇంగ్లిష్‌లో జరిగేవి. క్రియోల్, ఫ్రెంచి మాట్లాడే దేశంలో! ఇల్లు కూలినవాడు గేటు బయట. ఇల్లెలా కట్టాలో చర్చించేవాడు లోపల.

సాయానికి పాత చరిత్ర కూడా ఉంది. ఒకప్పుడు హైతీ తన బియ్యం చాలామటుకు తానే పండించుకునేది. దిగుమతి సుంకం మూడు శాతానికి తగ్గించేశారు. అమెరికా సబ్సిడీ బియ్యం వచ్చి పడింది. అక్కడి జనం దాన్ని ‘మయామీ బియ్యం’ అంటారు. రైతు పొలం వదిలి పట్నం మురికివాడకు చేరాడు. భూకంపంలో ఆ మురికివాడలూ కూలాయి. ఈ విధానం మా అర్కన్సా రైతులకు మేలు చేసిందేమో కానీ హైతీకి చేటు చేసిందని అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2010 మార్చిలో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాయనే హైతీ పునర్నిర్మాణ కమిషన్‌కు సహాధ్యక్షుడయ్యారు. ఇంత ముచ్చట మన రాజకీయాల్లో కూడా అరుదు.

బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ ఆక్స్‌ఫామ్ సంగతి చెప్పుకుంటే కడుపులో దేవుతుంది. భూకంప బాధితుల మధ్య పని చేయడానికి వెళ్లిన పెద్దమనుషుల లైంగిక దుష్ప్రవర్తన 2011లోనే సంస్థకు తెలుసు. లోకానికి తెలిసింది 2018లో, పత్రిక రాస్తే. ఈ ఏడేళ్లూ బ్రిటన్ ప్రభుత్వ నిధులు ఆగలేదు.

మరి దిద్దుబాట్లు? వాటికేం కొదవ! స్థానిక సంస్థలకు నేరుగా 30 శాతం నిధులిస్తామని యూఎస్ఎయిడ్ అధిపతి రాజీవ్ షా హయాంలో లక్ష్యం పెట్టుకున్నారు. గడువు 2015. దాటిపోయింది. 2016లో ఇస్తాంబుల్‌లో దాతలూ పెద్ద సంస్థలూ కూర్చుని 2020కల్లా 25 శాతం అన్నారు. అదీ దాటిపోయింది. 2021లో యూఎస్ఎయిడ్ అధిపతిగా సమంతా పవర్ వచ్చి 2025కల్లా 25 శాతం అన్నారు. చేరింది 2022లో 10.2 శాతం, 2023లో 9.6. ముందుకు కూడా కాదు, వెనక్కి! ఈలోగా స్థానికులకు ‘సామర్థ్యం’ పెంచే వర్క్‌షాపులు మాత్రం స్టార్ హోటళ్లలో నిర్విఘ్నంగా సాగాయి. సామర్థ్యం లేనిది ఎవరికో పైన లెక్కలు చూసి మీరే చెప్పండి.

2025 వచ్చింది. గడువు తీరకముందే దుకాణమే తీసేశారు. జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టి విదేశీ సాయం ఆపేశారు. ఫిబ్రవరిలో ప్రపంచ కుబేరుడు మస్క్ యూఎస్ఎయిడ్‌ను చెక్కలు ముక్కలు చేసే యంత్రంలో పడేశామని సంబరంగా ప్రకటించాడు. మార్చిలో 83 శాతం కార్యక్రమాలు రద్దు. జులై 1 నాటికి 1961లో పుట్టిన సంస్థ లేదు. భేష్, దొంగలు పోయారని చప్పట్లు కొట్టేవాళ్లకు ఒక ప్రశ్న: కమీషన్లు తిన్న కన్సల్టెంటు పస్తులున్నాడా? లేదు. హెచ్ఐవీ మందుల కోసం వరసలో నిలబడ్డ ఆఫ్రికా తల్లికి క్లినిక్ తలుపు మూసుకుంది. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లోనే ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ ఆ దెబ్బకు మూతపడింది. తర్వాత టాటా ట్రస్టుల చేయూతతో పేరు మార్చుకుని తెరుచుకుంది. మధ్యలో మందు ఆగిన మనిషి ఎవరిని అడగాలి? సాయమిచ్చేవాళ్ల ఒప్పందాల్లో రోగి సంతకం లేదు మరి.

వాళ్లని తిట్టి మనం చేతులు దులుపుకుందామా? ఆగండి. 2020 సెప్టెంబరులో మన పార్లమెంటు విదేశీ విరాళాల చట్టాన్ని సవరించింది. విదేశీ నిధులు అందుకున్న సంస్థ మరో సంస్థకు పైసా బదిలీ చేయకూడదు. ఆ నిధులు వచ్చే ఖాతా మాత్రం ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలోనే తెరవాలి. ఆదిలాబాద్ గూడెంలో పని చేసేవాళ్లయినా సరే! ఢిల్లీలో పరిచయాలున్న పెద్ద సంస్థకు ఇదేం లెక్క కాదు. దాని ద్వారా నాలుగు డబ్బులు తెచ్చుకుని పని చేసే చిన్న సంస్థకే ఉరి. ఏడాది తిరక్కుండానే కరోనా రెండో వేవ్ వచ్చింది. విదేశాల నుంచి సాయం పోటెత్తింది. పెద్దవాళ్ల దగ్గర డబ్బుంది, ఊళ్లో పని తెలిసిన చిన్నవాళ్లున్నారు, మధ్యలో చట్టం అడ్డంగా పడుకుంది. వేదికలెక్కినప్పుడు మాత్రం స్వచ్ఛంద సంస్థలు అభివృద్ధిలో భాగస్వాములంటారు. కిందికి దిగగానే అనుమానితులు.

రేపో మాపో మరో చోట భూమి కంపిస్తుంది. మరో పోస్టరు మీద మరో పిల్ల కన్నీళ్లతో కనబడుతుంది. దానికింద ఓ ప్రభుత్వ ముద్ర, ఓ సంస్థ ముద్ర పక్కపక్కనే ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లూ, ఇక్కడ ఫోన్‌పే కొట్టే మనమూ ఒక్కటే అడుగుదాం: ఇందులో ఎంత అక్కడి సంస్థ ఖాతాలోకి నేరుగా పోతుంది? అంకె చెబితే ఇవ్వండి. వర్క్‌షాపు సంగతి చెబితే మాత్రం పది రూపాయలు కూడా ఇవ్వకండి.