మా రోజుల్లో మూస్తే పోయేది

మా రోజుల్లో కంప్యూటర్‌లో అడక్కుండా తెర మీదికొచ్చి పడే కబుర్ల బెడద లేదని నేను అనను. ఉండేది, బోలెడంత ఉండేది. తెనాలిలో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? విండోస్ 98 మిషన్లు, డయలప్ కనెక్షను, కీచుమని కూతలు పెట్టి పెట్టి కలిసే మోడెమ్. ఎంసెట్ రిజల్ట్స్ రోజైతే మెట్ల మీద దాకా జనం. పిల్లాడు చెమట చేత్తో హాల్ టికెట్ నంబరు కొట్టి ర్యాంకు కోసం చూస్తుంటే, తెర మధ్యలో ఠపీమని ఓ పాపప్ లేచేది. మీరు మా పది లక్షలవ సందర్శకులు, బహుమతి గెలిచారు అని. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే పోయేది. మరీ మొండిదైతే ఒకటి మూసేలోపు రెండు లేచేవి. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కేవాళ్ళం. దానికీ లొంగకపోతే మిషన్ కట్టేసి మళ్ళీ వేసేవాళ్ళం. చాలావరకు అక్కడితో దాని కథ ముగిసేది.

ఆ పాపప్‌కి మొదటి కోడ్ రాసినాయన ఈథన్ జుకర్‌మన్. 1990ల్లో ట్రైపాడ్ అనే సంస్థలో పనిచేసేవాడు. ఒక కార్ల కంపెనీ తన ప్రకటన అసభ్యమైన పేజీ మీద పడిందని గొడవ చేస్తే, పేజీతో సంబంధం లేకుండా ప్రకటన వేరే విండోలో తెరుచుకునేలా చేశాడు. దాని పర్యవసానం చూసి 2014లో అట్లాంటిక్ పత్రికలో వ్యాసం రాసి, అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. పేరు పెట్టుకుని తప్పు ఒప్పుకున్న మనిషంటే నాకు గౌరవం. బ్రౌజర్ తయారుచేసేవాళ్ళు కూడా కదిలారు. ఒపెరా, మొజిల్లా ముందే అడ్డుకట్ట వేశాయి. 2004 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 ఇచ్చాక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే పాపప్ బ్లాకర్ వచ్చేసింది. మిషన్లు ఎక్స్‌పీకి మార్చి అది ఎక్కించాక మా సెంటర్లో ‘అన్నా, ఏదో వచ్చిందన్నా’ అన్న కేకలు బాగా తగ్గిపోయాయి. పీడ విరగడైందనే అనుకున్నాం.

కానీ 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42తో ఇంకో తలుపు తెరిచారు. వెబ్‌సైట్ మూసేసి ఉన్నా సరే, నోటిఫికేషన్ పేరుతో మన తెర మీదికి కబురు పంపే వీలు. మరుసటేడు ఫైర్‌ఫాక్స్ కూడా అదే దారి పట్టింది. మెయిల్ వచ్చిందనో, పార్సిల్ బయల్దేరిందనో చెప్పడానికైతే మంచి ఏర్పాటే. పైగా సైట్ ముందుగా మనల్ని అడగాలి, మనం అలౌ నొక్కితేనే పంపాలి. ఎంత మర్యాద! మోసగాళ్ళు మాత్రం సరిగ్గా ఆ అడగడంలోంచే దూరారు.

మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నారు. ఘంటసాల పాట ఒకటి ఫోన్లోకి దింపుకుందామని వెతికి, ఊరూ పేరూ లేని సైట్‌లోకి వెళ్ళారు. ‘మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి’ అని వచ్చింది. నిజమైన రోబో పరీక్ష ఏదీ నోటిఫికేషన్ అనుమతి అడగదు. ఆ ముక్క ఆయనకి చెప్పినవాళ్ళు ఎవరు? నొక్కారు. పాట రాలేదు. మర్నాటి పొద్దుట్నుంచి ఠింగు ఠింగుమంటూ ఒకటే మోత. మీ ఫోన్లో 13 వైరస్‌లు ఉన్నాయి, యాంటీవైరస్ గడువు అయిపోయింది, బ్యాంకు ఖాతా ప్రమాదంలో ఉంది, ఇవీ ఆ కబుర్లు. ప్రతిదాని పక్కనా ఎర్ర త్రిభుజం. పెన్షన్ పడే ఖాతా ఆ ఫోన్లోనే ఉందాయె, ఆయనకి అన్నం సయించలేదు. బజార్లో ఒక షాపుకి పట్టుకెళ్తే ఐదొందలు తీసుకుని ఫోన్ మొత్తం ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. మనవరాలి అన్నప్రాసన ఫొటోలన్నీ పోయాయి. అసలు రోగమేమిటో ఆ షాపులో ఒక్క ముక్క చెప్పలేదు. పది రోజులకి ఆయన మళ్ళీ పాట కోసం వెళ్ళడం, మళ్ళీ అలౌ నొక్కడం, మళ్ళీ మోత.

అప్పుడొచ్చారు నా దగ్గరికి. “ఏమయ్యా, ఈ వైరస్ ఫార్మాట్‌కి కూడా చావదా?” అన్నారు.

“వైరస్ లేదు మాస్టారూ, ఇదిగో చూడండి” అని ఆ నోటిఫికేషన్‌ని వేలితో కిందికి లాగి చూపించాను. పెద్దక్షరాల్లో బెదిరింపు. దాని పక్కన బుల్లి అక్షరాల్లో క్రోమ్ అనీ, తలాతోకా లేని ఒక వెబ్‌సైట్ పేరూ. ఫోన్‌ని పరీక్షించి చెప్పేదైతే ఆ పేరు అక్కడ ఎందుకుంటుంది? మనం అలౌ అన్న క్షణాన ఆ సైట్ బ్రౌజర్లో సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టిపోతుంది. అక్కణ్ణుంచి దాని కబుర్లన్నీ బ్రౌజర్ కంపెనీ సర్వర్ మీదుగానే మనకి చేరతాయి. ట్యాబ్ మూసినా, ఫోన్ ఆపి వేసినా, హిస్టరీ చెరిపినా ఇచ్చిన అనుమతి ఇచ్చినట్టే ఉంటుంది. గుమ్మంలో కరపత్రం పడేసి పోయేవాడికీ, ఇంటి తాళానికి మారుచెవి చేయించుకుని పోయేవాడికీ ఉన్నంత తేడా ఉంది ఆ పాపప్‌కీ దీనికీ.

భయపెట్టేవాళ్ళు మా రోజుల్లోనూ ఉన్నారు. ఈ ఉత్తరం ఇంతమందికి రాయకపోతే ఇంట్లో కీడు జరుగుతుందని దేవుడి పేరు మీద కార్డులు వచ్చేవి. కానీ అవి పంపేవాడు కార్డు కొనాలి, కూర్చుని చేత్తో రాయాలి, డబ్బాలో వెయ్యాలి. ఇప్పుడు ఒక్క మీటతో లక్షల ఫోన్లు మోగుతాయి, పైసా కష్టం లేదు. ఆ ఎర్ర త్రిభుజాన్ని నొక్కితే దొంగ స్కానింగ్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ యాంటీవైరస్ కొనిపిస్తే కమీషన్ ఆ కబురు పంపినవాడికి. లేదా ఒక హెల్ప్‌లైన్ నంబరిచ్చి, మన ఫోన్‌ని దూరం నుంచి నడిపే యాప్ వేయించి, ఓటీపీ చూసి ఖాతా ఊడ్చేస్తారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యాలి. చెప్పుకోవడానికి నామోషీ పడి రెండు రోజులు మింగుకుని కూర్చుంటే రాబట్టడం కష్టం.

నా కోపం దొంగల మీద మాత్రమే కాదు. జనానికి అలౌ నొక్కడం అలవాటు చేసింది పెద్దమనుషుల సైట్లే. వార్త చదవబోతే అడుగుతారు, చీర ధర చూడబోతే అడుగుతారు, వంట ఎలా చెయ్యాలో చూడబోయినా అడుగుతారు. అడ్డం తొలిగితే చాలని నొక్కీ నొక్కీ మనవాళ్ళ వేలు దానంతటదే అటు పోవడం నేర్చుకుంది. ఎవరికీ అక్కర్లేదన్న సంగతి కంపెనీలకు తెలియదా? 2019లో మొజిల్లా వాళ్ళే లెక్క చూసి, ఇలా అడిగినవాటిలో నూటికి 99 సార్లు జనం ఒప్పుకోవడం లేదని చెప్పారు. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72 నుంచి ఆ అడుగుడు మీద పడకుండా చేశారు. మరుసటి నెల క్రోమ్ కూడా కాస్త గొంతు తగ్గించింది. మనం తొంగిచూడని సైట్ల అనుమతిని ఈమధ్య క్రోమ్ తానే రద్దు చేస్తోంది. సంతోషమే, కానీ ఇదంతా మొదటి రోజే చెయ్యాల్సింది. ఈలోగా ఎందరు మాస్టార్లు అన్నం మానేశారో!

మాస్టారి ఫోన్లో నేను చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. అందులో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. అలౌ చేసిన సైట్ల జాబితా అక్కడుంది. ఆయన ఎరిగిన పేరు ఒక్కటీ లేదు. ఒక్కోదాన్నీ నొక్కి బ్లాక్ పెట్టాను. తర్వాత అదే పేజీలో పైనున్న మీట ఆపేశాను. ఇక ఏ సైటూ అసలు అడగనే అడగదు. ఈ చివరి పని తప్పకుండా చెయ్యాలి. ఎందుకంటే వీటిలో కొన్ని, బ్లాక్ అంటే వెంటనే పేరు కొంచెం మార్చుకుని ఇంకో పేజీలోంచి మళ్ళీ అడుగుతాయి. అలాంటిది ఎదురైతే దేనికీ జవాబివ్వకుండా ట్యాబే మూసెయ్యాలి. కొత్త క్రోమ్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటిఫికేషన్ కిందే అన్‌సబ్‌స్క్రైబ్ మీట కూడా వస్తోంది. కంప్యూటర్లో అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద సైట్ సెట్టింగ్స్ ఉంటుంది, మిగతా దారి అదే. ఆ సాయంత్రానికి ఫోన్ నోరు మూసింది. బ్యాంకు మెసేజీలు, వాట్సాప్ ఎప్పటిలాగే వస్తున్నాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు.

ప్రకటనల ఫోన్లు వద్దనుకుంటే చెప్పుకోవడానికి 1909 ఉంది. బ్రౌజర్లోంచి వచ్చే ఈ గోలకి ఆ నంబరు పనిచెయ్యదు, ఎవరి మీట వాళ్ళే నొక్కుకోవాలి. చదువుకున్న పిల్లలు పాత ఫోన్ అమ్మకో నాన్నకో ఇచ్చి హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోతారు. ఇచ్చేముందు ఈ ఒక్క మీట ఆపి ఇవ్వండి నాయనా. ఫోన్ షాపులవాళ్ళకీ అదే చెబుతున్నాను. కొత్త ఫోన్ అమ్మగానే టెంపర్డ్ గ్లాస్ అంటిస్తారు, పౌచ్ తొడుగుతారు, అడక్కుండానే నాలుగు యాప్‌లు వేసిస్తారు. కొన్నది అరవై దాటిన మనిషైతే గ్లాస్ మీద బుడగలు నొక్కేలోపే ఈ పనీ అయిపోతుంది. చేసి ఇవ్వండి.