ఊపిరి బొమ్మ ఆత్మకథ

నాకు కాళ్లూ చేతులూ లేవు. తల, మెడ, ఛాతీ, అంతవరకే. రబ్బరు చర్మం కింద ఒక స్ప్రింగు, గొంతులోంచి ఛాతీలోకి దిగే ఒక ప్లాస్టిక్ సంచి. ఆ సంచే నా ఊపిరితిత్తి. ఊపిరి ఆగిన మనిషిని బతికించడం ఎలాగో నేర్పడానికి నన్ను చేశారు. శిక్షణకు వచ్చేవాళ్లంతా నన్ను డమ్మీ అని పిలుస్తారు. గన్నవరం దగ్గర కొండపావులూరు నుంచి జీపెక్కి బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు తిరుగుతూ ఉంటాను.

నా చదువుల కథ మాత్రం నాగపూర్‌లో మొదలవుతుంది. ఆపద వేళ ఏం చేయాలో నేర్పే మొదటి జాతీయ విద్యాలయం 1957 ఏప్రిల్ 29న అక్కడ పుట్టింది. కేంద్ర అత్యవసర సహాయ శిక్షణ సంస్థ అని పేరు పెట్టారు. వరదలు, తుపానులు దాని పాఠాలు కావాల్సింది. కానీ 1962లో, 1965లో యుద్ధాలు రావడంతో ధ్యాస పౌర రక్షణ మీదికి మళ్లింది. 1968లో పేరు కూడా జాతీయ పౌర రక్షణ కళాశాలగా మారింది. ఆ రోజుల భయం అలాంటిది, నేను తప్పు పట్టను. అయితే కృష్ణా జిల్లాలోని దివిసీమ మీదికి వచ్చింది శత్రు విమానాలు కాదు, సముద్రం.

1977 నవంబరు 19. నేను అప్పటికి లేను. కానీ ఈ జిల్లాలో ఏ పాఠమైనా ఆ తేదీతోనే మొదలవుతుంది కాబట్టి నాకు కంఠతా వచ్చేసింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి కోడూరు, నాగాయలంక వైపు పల్లెలను ఊడ్చేసింది. 10 వేల మందికి పైగా పోయారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి దివిసీమను చుట్టుకుంటుంది. దారులు తెగితే అది అచ్చంగా లంకే. బయటి సాయం అందేదాకా బతికినవాళ్లకు బతికినవాళ్లే దిక్కు. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరులో సుమారు 30 వేల మంది పోయారు. ఆ పేర్లలో ఎన్ని మిగిలాయి?

1990 మే 9న మళ్లీ కృష్ణ ముఖద్వారం దగ్గరే పెను తుపాను తీరం దాటింది. ఆసారి మృతులు వెయ్యి లోపే. గాలి తక్కువగా వీచిందని కాదు. ముందే కబురు చేశారు, లక్షల మందిని ముందే కదిలించారు. నాకు నచ్చిన లెక్క ఇది.

ఆ ముందుచూపును నేర్పడానికే 1995లో ఢిల్లీలో ఒక కేంద్రం పెట్టారు. 2003లో అది జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అయింది, 2005 చట్టంతో దానికి బలం వచ్చింది. 2006లో ఎన్డీఆర్‌ఎఫ్, అంటే జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, వచ్చింది. సంస్థ దక్షిణ ప్రాంగణానికి కొండపావులూరులో 2018లో పునాది వేశారు, 2025 జనవరి 19న ప్రారంభించారు. అక్కడ అధికారులకు ప్రణాళికలు నేర్పుతారు: ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించాలి, ఎవరిని ముందు కదిలించాలి. పక్కనే ఉన్న ఎన్డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ జవాన్లది చేతి పని. రెండూ కావాల్సిందే. నా మనసు మాత్రం చేతుల వైపే మొగ్గుతుంది, నేను చూసినవి అవే కాబట్టి.

గిలకలదిండిలో వలలు లాగే చేతులు నా స్ప్రింగును అడుగంటా నొక్కేస్తాయి. కాలేజీ పిల్లల చేతులు భయం భయంగా తాకుతాయి. ఛాతీ మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. 30 నొక్కులకు 2 ఊపిరులు. గుడివాడలో అరటి బోదెలు, మూతలు బిగించిన ఖాళీ నీళ్ల డబ్బాలు కట్టి తెప్ప చేయడం కూడా నేర్పారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నందివాడ పల్లెలను ముంచిన తర్వాత ఆ తాళ్ల ముడులను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు.

కోడూరులో ఒక తాత నా పక్కన కూర్చుని, ముందుగా నా పొట్ట ఉండాల్సిన చోట చెయ్యి వేశాడు.

"మునిగిన పిల్లోణ్ణి తలకిందులుగా భుజానేసుకుని తిప్పేవాళ్లం బాబూ. నీళ్లు కక్కితే బతికినట్టేగా!"

"ఆ రోజుల్లో మీకు చెప్పినవాళ్లు ఎవరున్నారు తాతగారూ?" అన్నాడు జవాను. "ఆ నీళ్లు పొట్టలోవి. పొట్ట నొక్కితే తిన్నదంతా పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తిప్పుతున్నంతసేపూ మెదడుకు గాలి అందదు. మునిగినవాడికి ముందు కావాల్సింది ఊపిరి."

తాత నా తల వెనక్కి వాల్చి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి ఊదాడు. నా ఛాతీ లేచింది.

"ఇంతేనా?" అన్నాడు.

ఆ మాటకు జవాను దగ్గర బదులు లేదు. 1977లో ఆ తాత ఎవరిని భుజాన వేసుకున్నాడో ఎవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిది అనిపించింది నాకు. ఆయన మళ్లీ ఊదాడు, తర్వాత ఛాతీ నొక్కాడు, ఆయాసం వచ్చేదాకా ఆగలేదు. తుపాను రాత్రి బెటాలియన్ పడవ ఎంత వేగంగా వచ్చినా గంటలు పడుతుంది. ఆగిన ఊపిరి నిమిషాలే ఆగుతుంది. అందుకే బడి కొండపావులూరులో ఉంటే చాలదు, కోడూరు రావాలి.

నాగాయలంక శిబిరంలో చంకన బిడ్డతో వచ్చిన ఒకామె, "ఇదంతా పెద్దోళ్లకేగా అన్నా, నెలల పిల్లకైతే ఎట్టా?" అని అడిగింది. నాతో అది చూపించడం కుదరదు. తర్వాతి శిబిరానికి నా పక్కన ఒక పసిబిడ్డ బొమ్మ కూడా వచ్చింది. బిడ్డ నోరూ ముక్కూ కలిపి నోటితో మూసి, బుగ్గల్లో పట్టినంత గాలే ఊదాలి; రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, మధ్యలో రెండు బొటనవేళ్లతో నొక్కాలి. ఆమె రెండుసార్లు చేసి చూసుకుని, బయట నిలబడ్డ అత్తగారిని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చింది. "ఇట్టా కూర్చో అత్తా, నేను చూపిస్తా" అంటూ ఆవిడ వేళ్లు బొమ్మ ఛాతీ మీద సరిచేసి పెట్టింది.