పరాసు ఛందస్సు

దంతాలపల్లిలో సూర్యాపేట బస్సు కొఱకు నిలుచున్నవారి నడుమ, చంకలో గొడుగును చేతిలో పెన్సిలును ధరించి, ఎదుటివాని పేరునకు సైతము గురులఘువులు వేయు వృద్ధుడొకడు కనబడినచో, ఆయన మా పంతులుగారే యని నిశ్చయింపవచ్చును. బడిలో తెలుగు చెప్పి పింఛను పుచ్చుకొనుచున్న యీ జాతివారు ప్రతి మండలమునందును గలరు. "యమాతారాజభానసలగం" వచ్చినవానికి రాని భాష లోకమున లేదని వీరి దృఢవిశ్వాసము.

మనుమడు హైదరాబాదున ఇంటరులో, మార్కులు దండిగా పడునని, తెలుగు విడిచి ఫ్రెంచి పుచ్చుకొనెను. మూడుదినములు అన్నము సయింపక, నాలుగవనాడు పంతులుగారు ఆ పుస్తకమునే ముందిడుకొని, "తబ్లో" అను పదమున, సంయుక్తాక్షరమునకు ముందున్న తకారముపై గురుచిహ్న మిడిరి.

"గట్ల గాదు తాతా! ముక్కలైతె త, బ్లో అనే. గని ఎనుక బ్లో ఉన్నదని త బరువెక్కది. ఒక్క ఊపిరిల పల్కిన మాటలన్నిట్ల ఆఖరు ముక్కకే బరువు."

"అమీ" అన్నచో బరువు "మీ"ది. దానికి "ఫిదెల్" చేర్చినచో "మీ" తేలికపడి "దెల్" మోయును. అనగా బస్సు ఫుట్‌బోర్డుపై వ్రేలాడువాని గతి: మఱియొకడెక్కగనే వీడు లోనికి, వ్రేలాట వానికి. ఇంతవఱకు పంతులుగారు సహించిరి. కాని "లే" చివర వ్రాతలోనే యుండి పలుకనొల్లని సకారము, అచ్చు పరమగుటతోడనే జకారమై మేల్కొని "లేజమీ" యగునని వినినంతనే, "ద్రుతమురా! వచ్చె, వచ్చెనతడు!" అని గంతువేసి, పరాసువారు చిన్నయసూరి కడ శుశ్రూష చేసిరేమో యని హోటలులో టీ త్రాగువారినెల్ల విచారించిరి.

నిజాము సేనను నడపి 1798లో గతించిన పరాసుదొర రేమోఁ పేరే హైదరాబాదు మూసారాంబాగునకు వచ్చినదందురు; పరాసువారు భారమంతయు మోపిన ఆ "మోఁ"నే మనవారు తెగగోసి "రాం" అని ముగించినందులకు, రెండువందలయేండ్లు దాటినను, పంతులుగారి కోపము చల్లాఱలేదు.

నిన్న బస్సు నిలుచుచోట, తగణముపై హగణమగు సొంతయూరి పేరును పరాసుపద్ధతిని పరిశోధింపదలచి, కన్నులు మూసి, తొలి నాలుగక్షరములను దూదివలె దొరలించి, తుదిదానిపై బలముగ నూని, "దంతాల... పల్లీ! పల్లీ!" యని ముమ్మాఱుచ్చరించిరి. కన్నులు తెఱచునప్పటికి, గంప దించిన పిల్లవాడొకడు కాగితమును పొట్లముగా చుట్టుచుండెను.

"పదిరూపాలవా, ఇరవయ్యా సారూ? వేంచినయా, ఉడకవెట్టినయా?"