ఏనుగుకి టిక్కు, నాన్నకి రసీదు

చీమ, ఏనుగు. వర్క్‌బుక్కులో ఒకే పేజీని చెరిసగం పంచుకున్నాయి కాబట్టి రెండూ ఒకే ఎత్తు. మీసాలు కూడా కలుపుకుంటే చీమే రవ్వంత ఎక్కువ. కింద ఇంగ్లీషులో హుకుం: పెద్దదానికి టిక్కు పెట్టండి. మూడున్నరేళ్ళవాడు కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చూసి చీమకి పెట్టాడనుకోండి, ఎర్రసిరాతో ఇంటూ పడుతుంది. వాడి కన్ను సరిగ్గానే కొలిచింది. కాకపోతే కళ్ళతో చూడమని వాణ్ణి ఎవరూ అడగలేదు. పుస్తకం వేసినాయన మనసులో ఏముందో కనిపెట్టమన్నారు.

పేజీ తిప్పితే రాయి, ఈక. ఏది బరువు? రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద ఉన్నాయి, ఎత్తి చూస్తే తూకం సమానం. ఆ పక్కన నిండు బిందె, ఖాళీ బిందె. నిండుబిందె చుక్క నీరు లేకుండానే నిండింది. చెయ్యి నొప్పి పుట్టకుండా బరువునీ, చొక్కా తడవకుండా నీళ్ళనీ, ఏదీ దేని పక్కనా పెట్టకుండా పొడవునీ నేర్పే విద్యని మన నర్సరీలు, ఎల్‌కేజీలు కనిపెట్టాయి. క్లాసంతా కోరస్‌గా "బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్" అని అరిస్తే పాఠం అయిపోయినట్టే. ఈ పుస్తకాల సెట్టు బడి కౌంటర్లోనే కొనాలి, బయట దొరకదు. బయట దొరికేవి రాళ్ళూ ఈకలే, వాటికి ఎమ్మార్పీ లేదు.

నిజానికి ఈ వయసు పిల్లలకి పోల్చడం నేర్పడం తేలిక కాదు, సరదాగా మాత్రం ఉంటుంది. రెండు కొబ్బరి పుల్లలిచ్చి ఏది పొడుగో అడగండి. పైకి పొడుచుకొచ్చినదాన్ని చూపిస్తారు. కింది కొసలు ఒకచోట కలపాలన్న ఊహే ఉండదు. ఆ ఊహ ఒకరు చెబితే వచ్చేది కాదు. పుల్లలతో కుస్తీపట్టి, పక్కపిల్లాడు మోసం చేశాడని గోలచేసి, చివరికి ఒకరోజు పిల్ల తానే కొసలు కలుపుతుంది. ఆ తర్వాత తలుపులో బల్ల పడుతుందా అన్న ప్రశ్న వస్తుంది. బల్లని మోయలేరు కాబట్టి తాడు కావాలి. తాడు తర్వాత అడుగులు, జానలు. నీ జాన, నా జాన ఒకటి కావని తేలి పేచీ వచ్చాక గానీ స్కేలు ఎందుకు పుట్టిందో అర్థం కాదు. వేరుచేయడమూ అంతే. గుండీల కుప్ప పోసి రంగుల వారీగా ఏరమంటే ఏరేస్తారు. "ఇప్పుడు ఇవే గుండీలని ఇంకోలా వేరుచెయ్యి" అన్నప్పుడు మొదలవుతుంది అసలు పాఠం. ఒకే గుండీ ఈ పూట ఎర్రవాటిలో, రేపు పెద్దవాటిలో కూర్చోవచ్చునని తెలుసుకోవడానికి పెద్దవాళ్ళకే జీవితాలు చాలడం లేదు.

ఇదంతా చేశాక సాయంత్రానికి మిగిలేదేమిటి? తడిసిన గచ్చు, జుట్టులో నూకలు, కనబడకుండా పోయిన నాలుగు గుండీలు. కాగితం ఒక్కటీ లేదు. పేరెంట్స్ మీటింగులో తండ్రి నోటుబుక్కు తిరగేసి "ఏమీ రాయించలేదేంటండీ?" అంటే కరస్పాండెంటు గారు తడిగచ్చు చూపించలేరు కదా. అందుకే చీమ, అందుకే ఏనుగు. ఆ వర్క్‌షీటు పిల్లాడికి పాఠం కాదు, కట్టిన టర్ము ఫీజుకి నాన్నకిచ్చే రసీదు. నిలదీస్తే బడివాళ్ళు "పేరెంట్సే అడుగుతారు సార్" అంటారు, పేరెంట్స్ "స్కూల్లోనే ఇస్తారండీ" అంటారు. మధ్యలో పెన్సిలు పట్టడానికి వేళ్ళింకా బలపడనివాడొకడు రాత్రి తొమ్మిదింటికి ఆవలిస్తూ ఏనుగుల మీద టిక్కులు పెడుతుంటాడు. (కొన్ని ఇళ్ళలో అమ్మే పెడుతుంది, ఎడంచేత్తో, పిల్లాడి గీతలా వంకరగా. తెలుగు తల్లుల ఈ కళని ఇంతవరకు ఏ అవార్డూ గుర్తించలేదు.)

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు పునాది దశ అంది, ఆటపాటలతో నేర్పమంది. స్పందన వెంటనే వచ్చింది. అదే వర్క్‌బుక్కు, అట్ట మీద "ఎన్‌ఈపీ ప్రకారం" అని కొత్త స్టిక్కరు.

టీచరమ్మలకి తెలియక కాదు. టెట్ పరీక్ష రాసినవాళ్ళకి మనస్తత్వవేత్త పియాజే కంఠతా. పూర్వ ప్రచాలక దశ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా? రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. పదిలపరచుకునే భావన అంటే? నాలుగు ఆప్షన్లిస్తే నిద్రలో కూడా గురి తప్పరు. ఆ స్విట్జర్లాండ్ పెద్దాయన చేసిన పని ఇంతే: ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోసి, ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి ఒంపి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడిగాడు. చిన్నపిల్లలు పొడుగు గ్లాసు చూపించారు. ఆ ప్రశ్నకి మార్కులు తెచ్చుకున్న మనిషికి ఏడాది పొడుగునా క్లాసులో రెండు గ్లాసులూ ఓ చెంబూ దొరకవు. పైగా ఏడేళ్ళు వచ్చేసరికి ఈ భ్రమ పోతుందని పియాజే నమ్మాడు. మన ఊళ్ళు చూడలేదు పాపం. వీధి చివర పెంకుటింటి బడిలో ఉన్న చదువునే నాలుగంతస్తుల ఏసీ బిల్డింగులోకి ఒంపి ఎందులో ఎక్కువని అడిగితే, ముప్పై అయిదేళ్ళ నాన్నలు తడుముకోకుండా బిల్డింగు చూపిస్తున్నారు.

ఇక బడుల బోర్డుల సంగతి. మాంటిస్సోరి పేరు కనబడని పేట మన పట్నాల్లో అరుదు. ఆ పేరుగల విద్యావేత్త 1939లో థియొసాఫికల్ సొసైటీ పిలిస్తే మద్రాసు అడయారుకి వచ్చింది. యుద్ధం ముంచుకురావడంతో ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చింది. కోస్తా, సీమ అప్పటికి ఆ మద్రాసు రాష్ట్రంలోవే. ఆవిడ పింక్ టవర్‌లో పది ఘనాలు, అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది. వరస తప్పితే గోపురం వంకర కంటికే తెలుస్తుంది. గుండ్రటి కర్రదిమ్మెలూ వాటికి సరిపడే గుంతలూ ఉన్న చెక్క ఇంకా గమ్మత్తు. ఒక దిమ్మె తప్పు గుంతలో పెడితే చివర్లో ఒకటి ఎక్కడా ఇమడదు, ఎర్రసిరా లేకుండా పిల్లాడే తన తప్పు పట్టుకుంటాడు. ఆవిడ పేరు బోర్డుకెక్కించిన చోట్ల ఆ టవర్ ఎక్కడుందని అడిగి చూడండి. రిసెప్షన్‌లో, అద్దాల బీరువాలో, తాళం వేసి భద్రంగా ఉంటుంది. అడ్మిషన్ల సీజన్లో దుమ్ము దులుపుతారు.

ఇళ్ళు మాత్రం తక్కువ తిన్నాయా? గిద్ద, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, ఇవీ మన పాత కొలపాత్రలు. ప్రతిదీ తన ముందుదానికి సరిగ్గా రెట్టింపు. రెండింతల లెక్కని ఇంత ముచ్చటగా వంటింట్లో పేర్చుకున్న జాతి, బియ్యం డబ్బాలో చెయ్యిపెట్టిన పిల్లతో "ఒలకబోశావంటే వీపు విమానం మోత మోగుతుంది" అంటుంది. శనివారం అదే పిల్లని డబ్బు కట్టి సెన్సరీ ప్లే వర్క్‌షాపుకి తీసుకెళ్తుంది. అక్కడ చేయించేది, రంగు వేసిన బియ్యాన్ని చిన్న గిన్నెలోంచి పెద్ద గిన్నెలో పోయడం.

పోలికా, ఏరివేతా మన దగ్గర జరగడం లేదని కాదు. బ్రహ్మాండంగా జరుగుతున్నాయి, పుల్లలకీ గుండీలకీ బదులు పిల్లల్ని పెట్టుకున్నాం, అంతే. టెస్టు మార్కులు చూసి ఏ, బీ, సీ సెక్షన్లుగా ఏరుతున్నాం. "పక్కింటి పాప హండ్రెడ్ దాకా రాసేస్తోంది" అని పిల్లాడి మొహం మీదే పోలుస్తున్నాం. ఆ పాపని ఐదు చెంచాలు తెమ్మంటే ఎన్ని తెస్తుందో అడిగినవాడు లేడు. సర్కారు వైపు చూస్తే, 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకం పుణ్యమా అని అంగన్‌వాడీలో పిల్లల బరువు చూస్తారు, ఎత్తు చూస్తారు. ఎక్కిస్తారు, దింపుతారు, అంకె పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి పోతుంది. అంకె ఢిల్లీకి తెలుస్తుంది. తనూ తన దోస్తూ ఇద్దరిలో ఎవరు బరువో మిషను ఎక్కినవాడికి మాత్రం తెలియదు. పాపం ఆ టీచరమ్మని అని లాభం లేదు, సిగ్నలు ఉన్నంతసేపట్లో ఎక్కించాల్సిన అంకెలు ఆవిడకి బోలెడు.

ప్రైవేటు బళ్ళలో కొలత నేర్పే పరికరం ఒకటి సిద్ధంగానే ఉంది. దాన్ని పిల్లల వీపునే మోయిస్తున్నారు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచీ బరువు పిల్లల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. ప్రీ-ప్రైమరీ పిల్లలకైతే సంచీయే ఉండకూడదు. రెండో తరగతి దాకా హోంవర్కూ ఉండకూడదు. బడిలో డిజిటల్ తూకం మిషను పెట్టాలని కూడా అందులోనే ఉంది. ఒకటి కొనండి. యూకేజీ వాళ్ళని వరసలో నిలబెట్టి, ఎవరి సంచీ వాళ్ళచేతే మిషను మీద పెట్టించండి. ఎవరిది బరువు, ఎవరిది తేలిక, ఉండాల్సింది ఎంత, ఉన్నది ఎంత. ఎక్కువ తక్కువలు ఒక్క పూటలో వచ్చేస్తాయి. పాఠం అయ్యాక పిల్లలు ఒక ప్రశ్న వేయకుండా వదలరు. ఆ పూటకి కరస్పాండెంటు గారు క్యాంపు పెట్టుకుంటే మంచిది.