నూతిలో కప్ప, చేతిలో ఎలుక

2020లో ఇంటి నుంచే ఆఫీసు పని మొదలయ్యాక గానీ నేను ఏం చేసి బతుకుతున్నానో మా అమ్మ కళ్ళారా చూడలేదు. అంతవరకూ ఎవరడిగినా "మావాడు కంప్యూటర్లో" అని ఊరుకునేది. ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నా కుర్చీ వెనకాల నిలబడింది. తెర మీద ఎడంపక్క పట్టీలో ఒకదాని కింద ఒకటి డేటాబేసుల బొమ్మలు, గుండ్రంగా, నడుం చుట్టూ గీతలతో. పైన ఓ మూల ఆకుపచ్చ కప్ప.

"ఏంట్రా ఇవి, నూతి ఒరలా?"

కాదనబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళ నుంచీ ఆ బొమ్మల్ని చూస్తున్నాను, ఒక్కనాడు తట్టలేదు. అచ్చం సిమెంటు ఒరలే. ఒకదాని మీద ఒకటి పేర్చి దించితే కోనసీమలో మా పెరటి నుయ్యే.

"అలాంటివేలే అమ్మా."

"మరి ఆ కప్ప?"

"దాంతోనే నా పని."

"నూతిలో కప్ప" అని నన్నోసారి ఎగాదిగా చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట తెర మీద బొమ్మను ఉద్దేశించి అందో, కుర్చీలో కూర్చున్న శాల్తీని ఉద్దేశించి అందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మీరు బ్యాంకులో డబ్బు వేసినా, రైలు టికెట్ కొన్నా, గ్యాసు బండ రాసినా మీ పేరు ఎక్కడో ఒక పట్టికలో ఒక వరసగా పడుతుంది. ఆ పట్టికల్ని తెరిచి చూడ్డానికీ, సరిదిద్దడానికీ, సరిదిద్దబోయి చెడగొట్టడానికీ మాలాంటి వాళ్ళకిచ్చిన కిటికీలే ఈ బొమ్మల పరికరాలు. కప్ప వాటిలో ఒకటి. నేను మొదలుపెట్టినప్పుడు మాత్రం కప్పా లేదు, కిటికీ లేదు.

2003లో అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఒరాకిల్ అనే డేటాబేసు నేర్చుకున్నాను. ఒక బెంచీ, దాని మీద ముగ్గురం, ముగ్గురికీ కలిపి ఒక కంప్యూటరు. తెర మీద ఎస్‌క్యూఎల్ అనే మూడక్షరాలు, పక్కన మిణుకుమిణుకుమంటూ ఒక గీత. దాని పేరు ఎస్‌క్యూఎల్ ప్లస్. ఏం కావాలో మాటల్లో రాయాలి. రెండో వరసలో తప్పు రాసి నాలుగో వరసకు వచ్చేశామంటే వెనక్కి పోవడం లేదు, పరీక్ష పేపర్లో పెన్నుతో రాసినట్టే. అడిగింది దొరికినా తెర వెడల్పు ఎనభై అక్షరాలే. మనిషి పేరు ఒక వరసలో, జీతం దాని కింద, ఊరు ఆ కింద, ఉతికిన బట్టలు విసిరేసినట్టు పడేవి.

లోపలికి వెళ్ళడానికి పేరు స్కాట్, సంకేతపదం టైగర్. ఒరాకిల్ మొదటి ఉద్యోగుల్లో ఒకరైన బ్రూస్ స్కాట్ తన పేరు పెట్టి, సంకేతపదంగా ఇంట్లో పిల్లి పేరు పెట్టాడు. అది తెలియక మేమంతా పులి అనుకుని భయభక్తులతో కొట్టేవాళ్ళం. అమీర్‌పేటలో అన్ని సందుల్లో, అన్ని బ్యాచుల్లో, ఎక్కడో అమెరికాలో పాలు తాగిన ఒక పిల్లి నామస్మరణ జరిగేది.

ఆ పిల్లి కాపలా కాసిన పట్టికలో పద్నాలుగు మంది ఉద్యోగులుండేవారు. మా పెదనాన్న పిల్లల పేర్లు తడుముకుంటాను గానీ ఆ పద్నాలుగు పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కింగ్ అనే ఆయన అధ్యక్షుడు, జీతం 5,000. స్మిత్ గుమాస్తా, జీతం 800. పాపం స్మిత్‌కు ఇన్ని దశాబ్దాల్లో ఒక్క ఇంక్రిమెంటు పడలేదు. పడ్డా ఏ కుర్రాడో నేర్చుకోవడానికి వేసిందే, క్లాసు అయిపోగానే వెనక్కి తీసేసేవాళ్ళు. శాఖలు నాలుగు. వాటిలో బోస్టన్‌లో ఉన్న ఆపరేషన్స్ శాఖలో ఒక్కడంటే ఒక్కడు ఉండడు. ఖాళీ శాఖ కూడా జాబితాలో ఎలా రప్పించాలో నేర్పడానికి దాన్నలా వదిలేశారు. "ఎవడూ లేని ఆఫీసుకు అద్దె ఎవరు కడుతున్నారు సార్?" అని అడిగి నేను ఆ బ్యాచ్‌లో పేరు తెచ్చుకున్నాను. తెచ్చుకున్న పేరు అదొక్కటే.

ఉద్యోగం దొరికిన మొదటి రోజు ఆఫీసులో కప్పను చూశాను. టోడ్. ఇంగ్లిష్‌లో కప్పే గానీ విప్పితే టూల్ ఫర్ ఒరాకిల్ అప్లికేషన్ డెవలపర్స్. 1990ల మధ్యలో జిమ్ మెక్‌డానియల్ అనే ఆయన తన అవసరానికి రాసుకుని, పదిమందికీ ఊరికే పంచిపెట్టాడు. 1998లో క్వెస్ట్ అనే కంపెనీ చేరదీశాక అది డబ్బున్నవాళ్ళ కప్ప అయింది. పట్టిక పేరు మీద నొక్కితే చాలు, వరసలన్నీ గళ్ళల్లో బుద్ధిగా నిలబడ్డాయి. స్మిత్ పేరూ జీతమూ ఒకే వరసలో! బండెడు వరిగడ్డిని తాళ్ళేసి బిగించి కట్టేసినట్టు, నేను నెలల తరబడి తెర వెడల్పుతో పడ్డ పాట్లన్నీ ఒక నొక్కుతో సర్దుకున్నాయి. ఆరోజు నాకు అమీర్‌పేటలో కట్టిన ఫీజు గుర్తొచ్చి గుండె కలుక్కుమంది.

ఈ పట్టికల వ్యవహారానికి మూలపురుషుడు ఎడ్గర్ కాడ్. 1970లో శాన్‌హోసేలోని ఐబీఎమ్ పరిశోధనశాలలో కూర్చుని, సమాచారం డిస్కు మీద ఎక్కడ, ఎలా పేర్చి ఉందో వాడేవాడికి తెలియాల్సిన పనిలేదు, వాడికి పట్టికలు కనిపిస్తే చాలు అన్నాడు. గొప్ప మాట. బొమ్మల పరికరాలు దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయాయి. తను ఏం చేస్తున్నాడో కూడా వాడేవాడికి తెలియాల్సిన పనిలేకుండా చేశాయి. ఇది ఈనాటి కోరిక కూడా కాదు. మాటలతో అడిగే భాష పుట్టిన రోజుల్లోనే, 1970ల నడుమ, అదే ఐబీఎమ్‌లో మోషే జ్లూఫ్ అనే ఆయన ఖాళీ గళ్ళు చూపించి, మీకు కావలసినదానికి నమూనా నింపండి చాలు అనే పద్ధతి కనిపెట్టాడు. రాయడం కన్నా గళ్ళు నింపడం మనిషికి ఎప్పుడూ ఇష్టమే. పెళ్ళి శుభలేఖల మీద పేర్లు నింపేవాణ్ణి అడగండి.

ఇక ఈ లోకంలోని జంతువుల సంగతి. ఒరాకిల్ వాళ్ళు 2006లో సొంతంగా ఒక పరికరాన్ని ఉచితంగా వదిలారు. బయటికి ఎస్‌క్యూఎల్ డెవలపర్, తయారవుతున్నప్పటి ముద్దుపేరు రాప్టర్. వేటాడే పక్షి అని అర్థం. కప్పల మీదికి దేన్ని వదలాలో ఆలోచించే పెట్టారనుకుంటాను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు వాళ్ళ గుర్తు ఏనుగు. మైఎస్‌క్యూఎల్ వాళ్ళది డాల్ఫిన్. డీబీవర్ అనే పరికరం గుర్తు బీవర్, వాగుకు అడ్డంగా కొమ్మలు పేర్చి ఆనకట్ట కట్టే జంతువు. మైఎస్‌క్యూఎల్‌లో మై అంటే 'నాది' అనుకునేరు. దాన్ని రాసిన మాంటీ విడేనియస్ కూతురి పేరు మై. తర్వాత ఆయనే రెండో కూతురు మరియా పేరుతో మరియాడీబీ తెచ్చాడు. మన లారీల వెనకా, ఆటోల వెనకా పిల్లల పేర్లు రాయించుకుంటారే, అదే ప్రేమ. ఆయనకు లారీ లేదు, డేటాబేసు ఉంది.

ఇన్ని జంతువుల్నీ తోలేది మాత్రం ఎలుకే. టైగర్ అనే పిల్లి కాపలా ఉన్నన్నాళ్ళూ ఎలుకకు పనిలేదు, అన్నీ వేళ్ళతోనే. పిల్లి వెళ్ళింది, ఎలుక చేతికొచ్చింది. మౌసు అనండి, ఎలుక అనండి, కొరకడం దాని స్వభావం.

బొమ్మల పరికరాల్లో నాకు నిజంగా నచ్చింది పట్టికల మధ్య చుట్టరికాలు గీసి చూపించే సదుపాయం. ఒక పట్టికలోని వరస ఇంకో పట్టికలోని ఎవరికి చెందిందో చెప్పేదాన్ని ఫారిన్ కీ అంటారు. దీన్ని నాకు అమీర్‌పేటలో వారం రోజులు చెప్పారు, ఎక్కలేదు. మా అక్క కూతురి పెళ్ళిలో ఒక్క నిమిషంలో ఎక్కింది. భోజనాల దగ్గర ఒక ముసలావిడ వచ్చిన ప్రతివాణ్ణీ నిలేసి "మీరెవరి తాలూకు బాబూ?" అని అడుగుతోంది. ఆవిడే ఫారిన్ కీ. సరైన జవాబు లేనివాడు బంతిలో కూర్చోలేడు. మా ఆఫీసులో ఒక పాత డేటాబేసుకు ఈ చుట్టరికాల బొమ్మ తీయమన్నారు. నొక్కాను. వందల పట్టికలు, గీతలు మాత్రం ఓ పదిహేను. మిగిలినవన్నీ ఎవరి తాలూకో తెలియకుండా ఏళ్ళ తరబడి పందిట్లో కూర్చుని తింటున్నాయి. లేపుదామంటే భయం, వాటిలో పెళ్ళికొడుకు మేనమామ ఉంటే?

ఇంకో పరికరం ఉంది, పేరెందుకు లెండి. అది తెరుచుకునేలోపు కిందికెళ్ళి టీ తాగి, పక్క టీమ్ వాళ్ళ జీతాలు ఎంత పెరిగాయో కనుక్కుని రావచ్చు. ఆ మేరకు ఉపయోగకరమైనదే.

జాగ్రత్త చెప్పడంలోనూ ఒక్కోదానిది ఒక్కో నోరు. పీహెచ్‌పీ మైఅడ్మిన్ అనే పరికరంలో డేటాబేసు తీసేయబోతే, మీరొక డేటాబేసును సమూలంగా నాశనం చేయబోతున్నారు అని పెద్దక్షరాలతో అరుస్తుంది, పౌరాణిక నాటకంలో శాపం పెట్టినట్టు. మైఎస్‌క్యూఎల్‌ది మరీ ఘోరం. మాటలతో నడిపే పాత పద్ధతిలో, ఏ వరసలో చెప్పకుండా పట్టిక మొత్తాన్ని మార్చేయకుండా ఆపే ఒక రక్షణ ఉంది. దానికి మర్యాదైన పేరొకటి ఉన్నా, ఇంకో పేరు 'ఐ యామ్ ఎ డమ్మీ'. అంటే కాపాడమని అడగాలంటే ముందు నేనొక శుద్ధ మొద్దునని మన చేత్తో మనం రాసివ్వాలి. అదే కంపెనీ బొమ్మల పరికరం వర్క్‌బెంచ్‌లో ఆ బాధ లేదు. ఆ రక్షణ మొదటి నుంచీ వేసే ఉంటుంది. మౌసు పట్టుకుని వచ్చాడంటే ఎలాంటివాడో వేరే అడగాలా అని వాళ్ళ ఉద్దేశం. ఇలాంటి మాటలకు ఒకప్పుడు నాకు రోషం వచ్చేది. 2009 తర్వాత రావడం మానేసింది.

2009లో ఏం జరిగిందంటే, ఒక ఖాతాదారు నెల్లూరికి మారాడు. ఆయన ఊరు మార్చమని సాయంత్రం ఆరుకి కబురొచ్చింది. రెండు వరసల పని. పట్టికలో ఊరు నెల్లూరు చెయ్యి అని పై వరస, ఫలానా నంబరు ఖాతాదారుకు మాత్రమే అని కింది వరస. ఈ పరికరాల్లో చాలావాటిలో ఒక సౌకర్యం ఉంటుంది. రాసినదాంట్లో మౌసుతో రుద్ది ఎంత భాగం మెరిపిస్తే అంతే నడుస్తుంది. బస్సుకు టైమవుతోంది. రుద్దాను. ఎలుక పై వరస దగ్గరే ఆగిపోయింది. నొక్కాను.

ఒక వరస మారింది అని రావాల్సిన చోట ముప్పై ఎనిమిది వేల చిల్లర వరసలు మారాయి అని వచ్చింది. శ్రీకాకుళం వాళ్ళనీ, ఆదిలాబాద్ వాళ్ళనీ, పాపం బెంగళూరులో సుఖంగా ఉన్నవాళ్ళనీ ఒక్క నొక్కుతో నెల్లూరు చేర్చాను. ఏ రవాణా సంస్థా చేయలేని పని.

మామూలుగా ఒరాకిల్‌లో ఇలా మార్చినవి ఖాయం చేయమని విడిగా చెప్పేదాకా ఖాయం కావు, వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఖాయం బొత్తాన్ని రోజుకు యాభైసార్లు నొక్కలేక, ఎప్పటికప్పుడు నువ్వే ఖాయం చేసెయ్ అని అమరికల్లోకి వెళ్ళి నేనే టిక్కు పెట్టుకున్నాను, అంతకు నెల ముందు. అసలు డేటాబేసును తెరిచినప్పుడు కిటికీ అంచు ఎర్రగా కనబడేలా కూడా నేనే పెట్టుకున్నాను, ప్రమాదమని గుర్తుండాలని. కానీ పసుపు కుంకుమల మధ్య పెరిగినవాణ్ణి, ఎరుపు చూస్తే నాకు భయం ఎక్కడేస్తుంది? ఏదో శుభకార్యానికి వచ్చినట్టుండేది.

డేటాబేసు కాపలాదారు, అంటే డీబీఏ, మా అంతస్తులోనే చివర కూర్చునేవారు. పెద్దాయన. పరికరాలన్నిటినీ అసహ్యించుకునేవారు, అప్పటికీ ఎస్‌క్యూఎల్ ప్లస్సే.

"సార్, నెల్లూరు..."

"ఎంతమందయ్యా?"

"అందరూ సార్."

"ఎంతసేపైంది?"

"ఐదు నిమిషాలు సార్."

"నిజం చెప్పు."

"పన్నెండు."

ఆయన ఏమీ అనలేదు. ఒరాకిల్ పాత విలువల్ని కొంతసేపు పక్కన దాచి ఉంచుతుంది. ఎంతసేపు ఉంచాలన్న దానికి మామూలు లెక్క 900 సెకన్లు, పావుగంట. ఆ పావుగంట కిందటి పట్టిక ఎలా ఉండేదో చూపించమని అడగొచ్చు. దీని పేరు ఫ్లాష్‌బ్యాక్. ఆయన ఆ ఖాళీ తెర మీద రెండు వేళ్ళతో టకటకా రాసిన మాటల్లో నాకు స్పష్టంగా కనిపించిన మాట ఇంటర్వెల్. ఇంటర్వెల్, పదిహేను, మినిట్. మన సినిమాల్లో ఇంటర్వెల్ పడ్డాకే కదా ఫ్లాష్‌బ్యాక్ వచ్చేది! అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయన తిరిగి చూశారు. నవ్వు పోయింది.

నెల్లూరు వెళ్ళినవాళ్ళంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు చేరారు, నిజంగా వెళ్ళినాయన కూడా. ఆయన్ని మళ్ళీ పంపించడం మర్నాటికి గానీ మాకెవరికీ గుర్తురాలేదు.

అదే మర్నాడు నా మార్చే హక్కులు తీసేశారు. అప్పటి నుంచీ మూడు కంపెనీలు మారాను, ఎక్కడా అసలు డేటాబేసులో చూసే హక్కే తప్ప ముట్టుకునే హక్కు ఇమ్మని నేనూ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. కప్ప ఉంది, బొత్తాలన్నీ ఉన్నాయి, ఖాయం బొత్తం మాత్రం బూడిదరంగులో నిద్రపోతుంటుంది.

ఇదంతా, అమ్మ "నూతిలో కప్ప" అన్న రోజు మధ్యాహ్నం, అన్నాలు తింటూ తనకు చెప్పాను. ఫారిన్ కీలూ గట్రా వదిలేసి, నూతుల భాషలోనే. అందరూ తోడుకునే నూతిలో నేనోసారి బురద కలిపేశాననీ, పెద్దాయనెవరో తేర్చారనీ, అప్పట్నుంచీ నన్ను తొంగిచూడనిస్తారే తప్ప తోడనివ్వరనీ.

అమ్మ పప్పు వడ్డిస్తూ ఆలోచించింది.

"అయితే చేద లేకుండా రోజంతా ఆ నూతి గట్టు మీద కూర్చుని ఏం చేస్తావురా?"

"జీతం తీసుకుంటానమ్మా."

"ఎంత?"

చెప్పాను. ఇంకో గరిటె నెయ్యి వేసింది.